మూడు సూత్‌ల తేడా

చిలకలగూడ, సికింద్రాబాద్
9 నవంబర్ 1958

పీటర్‌కు సదాశివ రాసేది,

ఇక్కడ నేను పనికి పోతున్నాను, తింటున్నాను, నాగవ్వ పోయి రెండేళ్లయినా వంట మాత్రం ఇంకా చేతకాలేదు. మీ ఇంట్లో అందరూ బాగున్నారనే అనుకుని అసలు సంగతికి వస్తున్నాను.

మా రాబర్ట్స్ దొర పోయిన నెల ఆస్ట్రేలియా వెళ్లిపోయాడు. ఇరవై ఏళ్లు ఇంజను నడిపిన మనిషి. పోతూపోతూ ఒక ట్రంకు పెట్టె నా గదిలో దింపించి, "ఇవి నీకే పనికొస్తాయి" అన్నాడు. తెరిస్తే అన్నీ బొమ్మరైళ్ల పుస్తకాలు. జాతరలో అమ్మే రేకు బొమ్మలు కావు. అసలు రైలును కొలిచి, అడుగుకు ఇంత అని లెక్క కట్టి, బోల్టుతో సహా చిన్నగా చేసేవి. పెద్ద పెద్ద ఉద్యోగస్తులు కూడా సెలవు రోజున ఇదే పని పెట్టుకుంటారట ఆ దేశాల్లో.

అందులో మొదటి పాఠం ఏమిటో తెలుసా? ముందు దేశం ఎంచుకోవాలి. ఇంగ్లండా, జర్మనీయా, అమెరికానా, స్విట్జర్లాండా. దేశం తేలితేనే పట్టాల వెడల్పు తేలుతుంది, ఇంజను ఆకారం, స్టేషన్ కప్పు అన్నీ తేలుతాయి. ఒక దేశం పట్టాల మీద ఇంకో దేశం బండి పెడితే నవ్వుతారట.

మనిద్దరం ఒకటి చేద్దాం. ముప్పైలో మన లైను పడ్డప్పుడు స్లీపర్లు చెక్కినవాడివి నువ్వు, వాటికి బోల్టులు బిగించినవాణ్ని నేను. ఇప్పుడు నువ్వు బడిలో వడ్రంగం నేర్పుతున్నావు, నేను వర్క్‌షాపులో ఫిట్టర్‌ను. ఇంజను, ఒక డబ్బా, చక్రాలు నావి. పట్టాలు, స్టేషన్, కొండలు నీవి. ఇద్దరికీ యాభై దాటాయి కాబట్టి ఒకటే బండి, రెండోదానికి టైము లేదు. నేను రిటైరయ్యి జహీరాబాద్ వచ్చేసరికి మీ వసారాలో బల్ల మీద ఉండాలి. పై నుంచి వదిలితే తనంతట తాను దిగి స్టేషన్‌లో ఆగాలి.

దేశం మాత్రం నువ్వు చెప్పు.

సదాశివ


జహీరాబాద్
23 నవంబర్ 1958

సదాశివకు పీటర్ వందనాలు.

నీ ఉత్తరం దేవమ్మకు చదివి వినిపించాను. "ఇద్దరు ముసలోళ్లు గల్సి బొమ్మరైలు ఆడుకుంటరా? గా సదాశివన్నను ముందుగాల జొన్నరొట్టె చేసుడు నేర్చుకొమ్మని రాయుండ్రి" అన్నది. రాశాను. ఇక నా పూచీ లేదు.

దేశం చెప్పమన్నావు. నేను మూడుసార్లు హైదరాబాదు చూసినవాణ్ని, ఒకసారి బీదర్ కోట ఎక్కినవాణ్ని. నన్నా అడిగేది? సరే, ఆలోచించాను. ఇంగ్లండు వద్దు, వాళ్లను పంపించి పదకొండేళ్లే అయింది. జర్మనీ వద్దు, రెండుసార్లు యుద్ధం చేశారు, మూడోసారి నా వసారాలో మొదలుపెడితే దేవమ్మ ఊరుకోదు. అమెరికా బండ్లు మరీ పొడుగు, మా వసారాలో పట్టవు.

అయినా ఇంత దూరం ఎందుకయ్యా? మన బండినే చేద్దాం. మన స్టేషన్ రాయి రాయి నాకు తెలుసు. ఆ నాలుగు దేశాల పట్టాలకంటే మన పట్టాలే వెడల్పని నువ్వే ఎన్నోసార్లు మీసం తిప్పావు. అయిదడుగుల ఆరంగుళాలు. నిద్రలో లేపి అడిగినా చెప్తాను, ఆ కొలత కర్ర పట్టాల మధ్య పెట్టి ఎన్ని మైళ్లు కొలవలేదు మనం.

మా బడిలో పాత టేకు బల్లలు విరిచి పెట్టారు. హెడ్మాస్టర్ శంకరప్పను అడిగితే తీసుకోమన్నాడు. కట్టెకు కరువు లేదు, నువ్వు ఊ అంటే చాలు.

పీటర్


చిలకలగూడ
4 జనవరి 1959

పీటర్,

మన బండి వద్దు.

కోపం వచ్చి రాయడం లేదు. ఇరవై ఎనిమిదేళ్లు ఆ చక్రాలను సుత్తితో కొట్టి చెవి పెట్టి విన్నాను. పగిలిన చక్రం ఎట్లా మోగుతుందో, మంచి చక్రం ఎట్లా మోగుతుందో ఇప్పటికీ కలలో వినిపిస్తుంది. బొమ్మలో కూడా అదేనా? జహీరాబాద్ స్టేషన్లో ఫిట్టర్‌గా పదకొండేళ్లు నిలబడ్డాను, ఇక చాలు. ఒక్కసారైనా నాది కాని స్టేషన్ నాకు కావాలి.

స్విట్జర్లాండ్ చేద్దాం. పుస్తకంలో బొమ్మ పంపుతున్నాను. కొండలోంచి సొరంగం, సొరంగం దాటగానే చిన్న స్టేషన్, కప్పు మీద మంచు, కిటికీలకు పూలకుండీలు. ఎవరూ తొందరపడుతున్నట్టు లేదు అక్కడ.

లెక్క ఇది. అడుగుకు అరంగుళం. వాళ్ల పట్టాల మధ్య నాలుగడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు. అంటే మన బల్ల మీద రెండంగుళాల మూడు సూత్‌లు. అంగుళానికి ఎనిమిది సూత్‌లని నీకు చెప్పనక్కర్లేదు. ఇత్తడితో ఒక కొలత ముక్క కోసి ఇందులో పెడుతున్నాను. పట్టాలు వేసేటప్పుడు అడుగడుగునా ఈ ముక్క మధ్యలో పెట్టి చూడు. నా దగ్గర ఇలాంటిదే ఇంకొకటి ఉంది, చక్రాలు దానికి చేస్తాను. రెండు ముక్కలూ ఒకటే అయితే మనం ఎంత దూరంలో ఉన్నా ఫికర్ లేదు.

సదాశివ


జహీరాబాద్
2 ఆగస్టు 1959

స్విట్జర్లాండ్ రైల్వే ఫిట్టర్ సదాశివ దొరగారికి,

పట్టాలు ఆరడుగులు పడ్డాయి. టేకు పట్టె మీద ఇనుప పట్టీ. నీ ఇత్తడి ముక్క ఎక్కడ పెట్టినా ఇటు కదలదు, అటు కదలదు. స్టేషన్ లేచింది. కప్పు మీద మంచుకు సున్నం పూశాను, ఎండకు పెచ్చులూడుతోంది. పత్తి అంటించాను, పిచ్చుకలు ఎత్తుకుపోయాయి. ఆ దేశంలో పిచ్చుకలు లేవేమో.

మొన్న ఝరాసంగం నుంచి వచ్చిన మా బావమరిది చూసి, "గిదేం గుడి?" అన్నాడు. స్టేషన్ అంటే నమ్మలేదు. "స్టేషనైతే అల్లం బస్తాలేవి?" అని అడిగాడు. వాడికి స్టేషనంటే గూడ్సు షెడ్డు ముందు అల్లం బస్తాలు, శొంఠి ఘాటు, తుమ్ములు. స్విట్జర్లాండ్‌లో అల్లం పండదని చెప్తే, మరి వాళ్లకు రైలెందుకు అన్నాడు.

ఒక మాట. నీ అక్షరాలు ఈమధ్య జొన్నగింజల్లాంటివి శనగల్లాగా అయ్యాయి. పోయిన ఉత్తరంలో పేజీకి ఎనిమిది లైన్లే పట్టాయి. రెండు లైన్లు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి కూడా. ఏమైంది?

పీటర్


చిలకలగూడ
30 ఆగస్టు 1959

పీటర్,

కొత్త కలం కొన్నాను. పాళీ లావు. అంతే.

చక్రాలు మొదలుపెట్టాను. అందరూ ఇరుసు వేరే, చక్రం వేరే చేసి బిగిస్తారు. నేను అట్లా చెయ్యడం లేదు. లావుపాటి ఇనుప కడ్డీ ఒకటే తీసుకుని, లేతు మిషన్ మీద మధ్యలో కోసి ఇరుసు తీస్తున్నాను, రెండు చివర్లూ చక్రాలుగా మిగులుతాయి. సగానికి పైగా ఇనుము పొట్టు అయిపోతుంది. పోనీ. ఎన్నటికీ వదులు కాదు, పక్కకు జరగదు. ఆరు జతలు కావాలి. రెండయ్యాయి.

స్టేషన్ తలుపులకు ఏ రంగు వేశావు? పూలకుండీలు మరిచిపోకు. ఎన్ని కిటికీలు పెట్టావో, ఏ వైపు పెట్టావో వివరంగా రాయి. నువ్వు రాస్తే నాకు కనబడ్డట్టే ఉంటుంది.

సదాశివ


చిలకలగూడ
11 ఫిబ్రవరి 1960

పీటర్ సార్‌కు బస్వరాజ్ నమస్తే.

నేను ఎవరో మీకు తెల్వది. సదాశివ ఉస్తాద్ దగ్గర పని నేర్చుకున్న. ఇప్పుడు నాకు సొంతం చిన్న లేతు దుకాణం ఉన్నది. ఈ చిట్టి రాసినట్టు ఉస్తాద్‌కు తెల్వద్దు. నాకు రాసుడు సరిగ రాదు, తప్పులుంటే మాఫ్ చేయుండ్రి.

ఉస్తాద్‌కు కండ్లు పోతున్నయి. నీటికాసులు అన్నరు. పోయిన ఏడు మే నెలల రైల్వే కండ్ల పరీక్షల తప్పిన్రు, అప్పుడే నౌకరి పోయింది. మీకు చెప్పలేదని నాకు తెలుసు. రోజు నా దుకాణంల కూసుంటరు. చక్రాలు ఏలుతోటి తడిమి చేస్తున్రు. ఇరుసుకు చక్రం బిగిస్తే వంకర పోయిందా లేదా చూసుడు కావాలె, అది కనబడ్తలేదు. గందుకే ఒక్కటే కడ్డీల కోస్తున్రు. నేను చేస్త అంటె చెయ్యి మీద కొట్టిన్రు.

దవాఖానల డాక్టర్ సాబ్, పోయిన చూపు వాపస్ రాదు అన్నడు. ఇంగ ఏడాదో ఏడాదిన్నరో అన్నడు. మీ ఉత్తరాలు ఇప్పుడు నేనే చదివి వినిపిస్తున్న. స్టేషన్ గురించి రాసిన కాడ రెండుసార్లు చదివిపిచ్చుకుంటరు.

బస్వరాజ్


జహీరాబాద్
6 మార్చి 1960
(పోస్టు చెయ్యనిది)

సదాశివా,

ఈ ఉత్తరం పంపను. పంపితే బస్వరాజ్ నీకు చదివి వినిపించాలి, వాడు నాకు రాశాడన్నది బయటపడుతుంది. రాయకుండా ఉండలేక రాస్తున్నాను. రాసి పనిముట్ల పెట్టెలో అడుగున పెడతాను.

లావు పాళీ అన్నావు. నేను నమ్మాను. నమ్మి, కలం మార్చమని ఎగతాళిగా ఇంకో కార్డు కూడా రాశాను. ఏడుపొచ్చింది. దేవమ్మ చూసి ఏమైందంటే రంపపు పొట్టు పడిందన్నాను. నువ్వూ నేనూ ఇట్లాంటి అబద్ధాలకే పుట్టాం.

వారం రోజులు స్విట్జర్లాండ్ ముందు కూర్చున్నాను. కళ్లు మూసుకుని దాని మీద చెయ్యి పెట్టి చూశాను. ఏమీ తెలియలేదు. వాలు కప్పు, నున్నటి గోడ. ఇది ఏ ఊరైనా కావచ్చు, ఎవరి ఇల్లైనా కావచ్చు. నువ్వు వచ్చేసరికి నీకు వేళ్లే మిగులుతాయి. ఎన్నడూ చూడని ఊరు వేళ్లకు ఎట్లా తెలుస్తుంది? వేళ్లకు తెలిసిన ఊరు నీకు ఒక్కటే ఉంది.

అందుకే నిన్న పీకేశాను. సొరంగం, మంచు కప్పు, పూలకుండీలు అన్నీ. మన జహీరాబాద్ కడతాను. నీళ్ల ట్యాంకు నాలుగు కాళ్లు, ప్లాట్‌ఫారం చివర వాలు, టికెట్టు కిటికీ కింద అరిగిన రాయి. పేరు బోర్డు మీద అక్షరాలు పైకి ఉబ్బేటట్టు చెక్కుతాను. బస్తాల్లో నిజమైన శొంఠి ముక్కలే నింపుతాను. నువ్వు బల్ల దగ్గరికి రాకముందే తెలిసిపోవాలి, ఎక్కడికి వచ్చావో.

మన స్టేషన్ పక్కన పరదేశం పట్టాలుంటే వేళ్లు ఒప్పుకోవు. అందుకని పట్టాలు కూడా మనవే. రెండంగుళాల ఆరు సూత్‌లు. నీ ముక్కకంటే మూడు సూత్‌లు ఎక్కువ. అదేం పెద్ద పని కాదు. మా ఎడ్లబండి ఇరుసు మీద చక్రాన్ని సీల తీసి ఇటు జరుపుతాం, అటు జరుపుతాం. నువ్వు వచ్చిన రోజు బస్వరాజ్ సుత్తితో నాలుగు దెబ్బలు కొడితే చక్రాలు బయటికి జరుగుతాయి. ఇత్తడి ముక్కను నీ ఉత్తరాలతో కలిపి కట్టి దాచాను.

నువ్వు వద్దన్నావని తెలుసు. కళ్లున్నప్పుడు వద్దన్నావు. ఇప్పుడు వేరు.

పీటర్


చిలకలగూడ
19 జూన్ 1960

పీటర్,

ఇంజను అయింది. డబ్బా కూడా చాలామట్టుకు అయింది. ఎనిమిది కిటికీలు. ఒక కిటికీ దగ్గర సీటు మిగతావాటికంటే జాగ్రత్తగా చేశాను.

నీతో ఒక పని ఉంది. కట్టెలో ఒక ఆడమనిషిని చెక్కాలి. కూర్చున్న మనిషి. రెండు చేతులూ ఒళ్లో. కొప్పు కుడివైపుకు ఉండాలి. మొహం కిటికీ వైపు తిరగాలి. ఎవరని అడగకు, నీకు తెలుస్తుంది. బండి మొదటిసారి సొరంగంలోంచి దిగేటప్పుడు ఆమె లోపల ఉండాలి.

ఇంతకంటే రాయడం చేతకావడం లేదు. పాళీ ఇంకా లావైంది.

సదాశివ


జహీరాబాద్
10 జూలై 1960

సదాశివకు పీటర్ వందనాలు.

ఎవరని అడగలేదు. చెక్కుతున్నాను. మంచి పాలకొడిసె కట్టె దొరికింది. దేవమ్మ పక్కన కూర్చుని, "నాగక్క చెవులు గంత పెద్దగ లేకుండె" అని దిద్దుతోంది.

నువ్వు అడిగావు కాబట్టి స్టేషన్ వివరంగా రాస్తున్నాను. తలుపులకు ఆకుపచ్చ రంగు. కిటికీలు ఆరు, మూడు కొండ వైపు, మూడు పట్టాల వైపు. ఒక్కో కిటికీకి పూలకుండీ, కుండీలో ఎర్ర లక్కతో పూలు. కప్పు మీద మంచుకు ఈసారి సుద్దలో జిగురు కలిపి పూశాను, నిలిచింది. సొరంగం మూతి దగ్గర రాళ్లు తడిగా ఉన్నట్టు మెరుస్తాయి. చాలా చల్లగా ఉన్నట్టుంది చూస్తుంటే.

అంతా నువ్వు చెప్పినట్టే ఉంది.

పీటర్


చిలకలగూడ
18 డిసెంబర్ 1960

పీటర్,

ఈ ఉత్తరం బస్వరాజ్ చేత రాయిస్తున్నాను. వాడు నా శిష్యుడు, మంచివాడు, రాత మాత్రం కోడి కెలికినట్టుంటుందట. నాకు కనబడదు కాబట్టి నాకేం ఇబ్బంది లేదు.

అవును, కనబడదు. ఏడాదిన్నర నుంచి దాస్తున్నాను. చెప్తే నువ్వు జాలిపడి ప్రతి పనిలో నాకు అనుకూలంగా మారుస్తావు, అది నాకు ఇష్టం లేదు. నువ్వు నన్ను తిట్టాలి, ఎగతాళి చెయ్యాలి, నేను చెప్పినదానికి అడ్డం చెప్పాలి. ఇప్పుడు బండి పూర్తయింది కాబట్టి చెప్తున్నాను. ఎడమ కన్ను పూర్తిగా పోయింది. కుడికంటికి కిటికీ ఎక్కడుందో వెలుగు మాత్రం తెలుస్తుంది.

ఆరు జతల చక్రాలూ ఇత్తడి ముక్కకు సరిగ్గా ఉన్నాయి. వెంట్రుక కూడా దూరదు. నా జన్మలో ఇంత నికరమైన పని చెయ్యలేదు.

జనవరి ఇరవై రెండు, ఆదివారం పగటి బండికి వస్తాం. నువ్వు రాసిన స్టేషన్ నాకు నోటికి వచ్చు. ఆకుపచ్చ తలుపులు, ఆరు కిటికీలు. ఆమెను తయారుగా ఉంచు.

సదాశివ


జహీరాబాద్
30 జనవరి 1961

సదాశివా,

ఎనిమిది రోజులయింది నువ్వు వెళ్లి. ఇంట్లో ఎవరమూ వసారాలోకి పోవడం లేదు.

ఇరవై రెండు నాడు ఏం జరిగిందో నీకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా నేను నా నోటితో చెప్పుకోవాలి. నువ్వు గుమ్మంలోకి వచ్చి ఆగావు. ముక్కు ఎగబీల్చి, "శొంఠి వాసనొస్తుంది" అన్నావు. నేను మురిసిపోయాను. తెలిసింది, తెలిసింది అనుకున్నాను. నీ చెయ్యి పట్టుకుని బల్ల దగ్గరికి తెచ్చాను. నీళ్ల ట్యాంకు కాళ్లు పట్టుకున్నావు. టికెట్టు కిటికీ కింద రాయి తడిమావు. బోర్డు మీద అక్షరాలు ఒక్కొక్కటే వేలితో చదివావు. చదివి, "పీటరూ, ఇది ఏ దేశం?" అని అడిగావు.

నేను ఏం చెప్పాను? మనదే అన్నాను.

అప్పుడు నీ వేలు ప్లాట్‌ఫారం మీద ఆమెకు తగిలింది. కూర్చున్న బొమ్మ చెక్కమన్నావు. నిలబడ్డ బొమ్మయితే వేళ్లకు బాగా దొరుకుతుందని నేనే మార్చాను. నువ్వు ఇక్కడ ఫిట్టర్‌గా ఉన్నప్పుడు మధ్యాహ్నం టిఫిను గిన్నె నడుముకు ఆనించుకుని ఎట్లా నిలబడేదో అట్లాగే. నువ్వు ఆ కొప్పు తడిమావు, గిన్నె తడిమావు. "గీడ్నే నిలబెట్టినవా మళ్ల" అన్నావు. అంతే అన్నావు.

ఆ తర్వాత బస్వరాజ్ గొంగడి మూట విప్పి ఇంజను పట్టాల మీద పెట్టాడు. టక్కుమని రెండు పట్టాల మధ్యలోకి జారి పడింది. డబ్బా పెట్టాడు, అదీ పడింది. "ఉస్తాద్, మూడు సూత్‌లు ఫరక్ ఉన్నది" అన్నాడు. నేను తెలివిగా సుత్తి అందించాను, చక్రాలు జరపమని. వాడు నా వైపు చూసిన చూపు నువ్వు చూడలేదు, అదొక్కటే నాకు మిగిలిన అదృష్టం.

రాత్రికి ఉండమంటే ఉండలేదు. దేవమ్మ రొట్టెలు మూట కడితే తీసుకున్నావు, బండి మాత్రం ఇక్కడే వదిలేశావు.

నీ పాత ఉత్తరాలు తీసి చదివాను. ఒకే కడ్డీ, పక్కకు జరగదు అని యాభై తొమ్మిది ఆగస్టులోనే రాశావు. బస్వరాజ్ కూడా అప్పట్లోనే నీకు తెలియకుండా నాకు రాశాడు, వాణ్ని ఏమీ అనకు. రెండూ చదివాను. నీ కళ్ల మీదే మనసంతా పెట్టి చక్రాలను వదిలేశాను. నువ్వు వద్దన్న పనే చేశాను, చేసి మంచి చేశాననుకున్నాను.

పట్టాలు పీకి మూడు సూత్‌లు లోపలికి వేస్తాను. స్టేషన్ పడగొట్టి మళ్లీ స్విట్జర్లాండ్ కడతాను. నెల రోజులు చాలు. ఒక్క మాట రాయించు.

పీటర్


చిలకలగూడ
20 ఫిబ్రవరి 1961

పీటర్,

కోపం లేదు. కోపముంటే రొట్టెలు తీసుకోను.

చెప్పవలసింది ముందే చెప్పి ఉంటే ఇట్లా అయ్యేది కాదు. అందుకని ఇప్పుడు చెప్తున్నాను. బస్వరాజ్ రాస్తూ ముక్కు చీదుకుంటున్నాడు, కాగితం తడిస్తే వాడిదే తప్పు.

రైల్వేలో ఏటా మాకు పాసులిస్తారు. పెళ్లాంతో సహా ఎక్కడికైనా పోయి రావచ్చు. పాసు వచ్చినప్పుడల్లా నాగవ్వ, "గీయేడన్న పోదమా?" అని అడిగేది. ఎక్కడికి అంటే, "యాడికైనా. నడుసుకుంట పోలేని ఊరికి" అనేది. నేను వచ్చే ఏడు అనేవాణ్ని. సెలవు దొరకలేదు, కొన్నిసార్లు దొరికినా బద్ధకించాను. నాగవ్వ వికారాబాద్ దాటి ఎన్నడూ పోలేదు. రైలు ఉద్యోగస్తుడి పెళ్లాం.

యాభై ఆరులో మూడు రోజుల జ్వరంతో పోయింది, నీకు తెలుసు. తర్వాత సికింద్రాబాద్ బదిలీకి సామాను సర్దుతూ ఆమె పెట్టె తీస్తే చీరల అడుగున పాసులన్నీ ఉన్నాయి. తేదీలు దాటిపోయినవి. మడత నలగకుండా దాచుకుంది.

రోజూ అన్నం తెచ్చి, బీదర్ బండి కదిలేదాకా ప్లాట్‌ఫారం మీద నిలబడేది. ఎక్కేవాళ్లను చూసేది, వాళ్ల మూటలు చూసేది. నేను చక్రాల కింద నుంచి చూసి, నాకోసం నిలబడింది అనుకునేవాణ్ని. నువ్వూ అట్లాగే అనుకుని చెక్కావు. నీ తప్పేం లేదు. నేనే పదకొండేళ్లు అట్లా అనుకున్నాను.

అందుకే వేరే దేశం అన్నాను. ఏ దేశమైనా సరే, ఆ స్టేషన్ మాత్రం కాకూడదు. ఆమెను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, బండి ఒక్కసారి సొరంగంలోంచి దిగితే చాలనుకున్నాను.

పట్టాలు పీకకు. మళ్లీ స్విట్జర్లాండ్ కట్టినా నేను బల్ల దగ్గరికి వస్తే నాకు శొంఠి వాసనే వస్తుంది. కొత్త చక్రాలు చేస్తానని బస్వరాజ్ అంటున్నాడు. వద్దన్నాను. అవి నా చేతులు చేసిన ఆఖరి పని, వాటిని తప్పు అననివ్వను.

ఒక్కటే అడుగుతాను. ఆమెను ప్లాట్‌ఫారం మీద నుంచి తీసి డబ్బాలో కూర్చోబెట్టు. బండి కదలకపోయినా ఫరవాలేదు. ఏ మూల పెట్టినా సరే.

సదాశివ


జహీరాబాద్
16 ఏప్రిల్ 1961

సదాశివా,

రెండు నెలలు జవాబు రాయలేదు. నువ్వు చెప్పిన పని మీదే ఉన్నాను.

ఆమెను తీసి డబ్బా దగ్గర పెట్టాను. నిలబడ్డ బొమ్మ. తల కప్పుకు తగిలింది. పడుకోబెడితే పడుతుంది, కానీ పడుకోబెట్టి ఎట్లా తీసుకుపోను? కూర్చోబెట్టాలంటే మోకాళ్ల దగ్గర కోసి మళ్లీ అతకాలి. సన్న రంపం తీసి మోకాలి మీద పెట్టాను. ముప్పై ఏళ్లుగా కట్టె కోస్తున్న చెయ్యి. లాగలేకపోయింది. మూడు రోజులు అట్లా పెట్టాను, తీశాను.

కొత్తగా చెక్కుదామనుకున్నాను. అదే కట్టె, అదే ఉలి. కూర్చున్నవి మూడు చెక్కాను. కొప్పు కుడివైపు, చేతులు ఒళ్లో, మొహం కిటికీకి, అన్నీ నువ్వు చెప్పినట్టే. దేవమ్మను పిలిచి చూపించాను. ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. "గీ ముగ్గురు ఎవరో మంచోళ్లే. నాగక్క మాత్రం గామెనే" అని ప్లాట్‌ఫారం వైపు చూపించింది. నాకూ అట్లాగే ఉంది. నాకు ఆమె ఎప్పుడూ కూర్చున్నట్టు గుర్తు లేదు. మా ఇంటికి వచ్చినప్పుడు కూడా గుమ్మానికి ఆనుకుని నిలబడేది. నేను చూడనిది నా చేతికి రావడం లేదు.

స్విట్జర్లాండ్ పీకేముందు నువ్వు చెప్పిన మాట ఒక్కసారి నమ్మి ఉంటే, ఆమె మొదటి నుంచే కూర్చుని ఉండేది. ఈ పాపం నాది.

ఇంజనూ డబ్బా గుడ్డలో చుట్టి బల్ల కింద పెట్టాను. చక్రాలకు నూనె రాశాను, తుప్పు పట్టకుండా. ఆమెను మళ్లీ ఉన్నచోటే నిలబెట్టాను, పెట్టెలో మూసి పెట్టడానికి మనసొప్పలేదు. ఏం చెయ్యాలో నువ్వే చెప్పు. నువ్వు కొయ్యమంటే కోస్తాను.

పీటర్


చిలకలగూడ
2 మే 1961
(కార్డు)

పీటర్,

కొయ్యకు. ఉండనీ. ఆమెకు అక్కడ నిలబడటం అలవాటే.

సదాశివ